దాటని సముద్రానికి ప్రాయశ్చిత్తం

నేను విలాయత్‌కు పోలేదు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే యాకుత్‌పురాలో మా గల్లీ మొగదల నిలబడి ఎవరిని అడిగినా నేను పోయొచ్చాననే చెబుతారు. నన్ను పిలవడమే విలాయత్ పంతులని పిలుస్తారు. కొడుకులను పై చదువులకు పంపాలని ఉబలాటపడే తండ్రులు నా దగ్గరికి వచ్చి అక్కడ చలి ఎంత ఉంటుంది, పెరుగు దొరుకుతుందా అని అడుగుతారు. మొదట్లో నేను పోలేదని ఓపికగా చెప్పేవాణ్ణి. అంత చదువుకున్న మనిషికి ఎంత అణకువో చూడండి అని వాళ్లు మురిసిపోయేవారు. ఇప్పుడు నాకు ఓపిక తగ్గింది. చలి బాగానే ఉంటుంది, పెరుగు తోడుకోదు అని చెప్పి పంపేస్తున్నాను.

మా బాపు ఆ గల్లీ చివర ఉన్న చిన్న గుడికి పూజారి. తాతల నాటి నుంచి ఆ పూజ మాదే. ఇంటికి వచ్చే బియ్యం, పప్పు, పండగలకు కట్టుకునే బట్టలు అన్నీ ఆ గుడి పేరు మీద వచ్చేవే. అయితే బాపుకు దేవుడి తర్వాత, ఒక్కోసారి దేవుడికంటే ముందు, ఇష్టమైనవి గ్రహణాలు. పూజ ముగించుకొని వచ్చి వాకిట్లో షాబాదు బండల మీద సుద్దముక్కతో లెక్కలు వేసేవాడు. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో తేలేదాకా ఎవ్వరూ ఆ బండలు తొక్కకూడదు. మా అమ్మ చీపురు, నీళ్ల చెంబు పట్టుకొని గుమ్మంలో నిలబడి తొందరపెట్టేది. నాకు లెక్కల పిచ్చి పట్టింది ఆ బండల మీదే.

కాలేజీలో లెక్కలు ఉర్దూలో చదువుకున్నాను. చదువు అయిపోయే ఏడు సొంతంగా ఒక లెక్క వేశాను. అదేం లెక్కో చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. మా ఉస్తాద్ దాన్ని వారం పాటు దగ్గర పెట్టుకొని, తిరిగి ఇస్తూ, ఇది ఒప్పో తప్పో చెప్పగలిగినవాళ్లు ఈ రియాసత్‌లో లేరు, ఇంగ్లండులో ఫలానా యూనివర్సిటీలో ఉన్నారు, అక్కడికి దరఖాస్తు పెట్టుకో అన్నాడు. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఆ ఊరి గోపురాలూ, దాని పేరు ప్రతిష్ఠలూ నాకు అక్కర్లేదు. నా లెక్క ఒప్పా తప్పా అన్నది తెలియాలి. తెలియకుండా బతకడం ఎట్లాగో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

దరఖాస్తు రాయడానికి పక్క గల్లీలో ఉండే వకీల్ సాబ్ ఒప్పుకున్నాడు. ఆయన ఇంగ్లీషుకు మొహల్లా అంతా భయపడేది. దరఖాస్తులో ఏ ఆటల్లో ప్రావీణ్యం ఉందని అడిగితే పతంగులు అని రాశాడు. పుట్టిన సంవత్సరం నా సర్టిఫికెట్‌లో ఎట్లా ఉందో అట్లాగే దించాడు. మా సర్కారు లెక్క ఫసలీ లెక్క. అది ఇంగ్లీషు సంవత్సరాలకు దాదాపు ఆరు వందల ఏళ్లు వెనక నడుస్తుంది. ఓడ మీద జవాబు రావడానికి పట్టేంత కాలం పట్టి జవాబు వచ్చింది. అభ్యర్థి వయసు తమ యూనివర్సిటీ వయసుతో సమానంగా కనబడుతోందనీ, ఒకసారి సరిచూడమనీ ఎంతో మర్యాదగా రాశారు. సరిచేసి మళ్లీ పంపాం. లెక్క బాగుంది, ముఖాముఖి మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి, మిగిలిన కాగితాలు అందగానే సీటు సంగతి తెలుపుతాం అని ఈసారి రాశారు. ఒప్పని రాయలేదు, తప్పని రాయలేదు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు.

వార్త గుడి పెద్దల దాకా పోయింది. వాళ్లు ముగ్గురు. గుడికి సున్నం వేయించడం దగ్గర నుంచి ఎవరు ఎక్కడ నిలబడి దండం పెట్టాలన్నదాకా అన్నీ వాళ్లే చూసేవారు. సముద్రం దాటినవాడు దేవుణ్ణి ముట్టకూడదు, రేపు బాపు తర్వాత పూజ ఎవరు చేస్తారు అని అడిగారు. ఆ ప్రశ్న బాపుకు ముందే తెలుసు. ఆయన నాతో పొమ్మని గానీ వద్దని గానీ అనలేదు. ఉత్తరీయం భుజాన వేసుకొని, దబీర్‌పురా స్టేషన్ వెనక ఉండే పెద్ద శాస్త్రులుగారి దగ్గరికి నన్ను వెంటబెట్టుకొని పోయాడు.

సముద్రయానానికి ప్రాయశ్చిత్తం చేయించే ధైర్యం అప్పుడు మా వాళ్లలో ఆయనొక్కడికే ఉండేది. మిగతావాళ్లు ఆ పేరెత్తితేనే తలుపు వేసుకునేవారు. శాస్త్రులుగారు మంచం మీద దగ్గుతూ అంతా విన్నాడు. తిరిగి వచ్చాక చేయిస్తే దోషం పోతుందన్నాడు. తర్వాత వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకొని ఆగిపోయాడు.

"నువ్వు ఎప్పుడొస్తవ్?"

మూడేండ్లు పడుతుందన్నాను.

"గన్ని దినాలు నేనుండ. నేను పోతే నీకు జేపించెటోడు లేడు. ఇప్పుడే జేస్కో. పాపం తర్వాత జేసుకుందువు."

బాపు ఈ మాట విని ఎంత ఊరట పొందాడంటే, దారి పొడుగునా నాతో గ్రహణాల గురించి మాట్లాడుతూనే వచ్చాడు. నాకూ అందులో తిరకాసు కనిపించలేదు. లెక్కల్లో మేం రోజూ చేసే పనే అది. చివర రావాల్సినదాన్ని ముందే వచ్చిందనుకొని మొదలుపెడతాం.

ప్రాయశ్చిత్తం గుడి ముందు పందిట్లో జరిగింది. మంగలి వచ్చి పిలక వదిలేసి తలంతా గొరిగాడు. పంచగవ్యానికి కావలసినవన్నీ, అంటే ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పేడ, మా గల్లీ పాలాయన తెచ్చాడు. ఆయన ఆవు మీద ఆయనకు గొప్ప నమ్మకం. "మంచిగ తాగు చిన్నయ్యగారు. మా ఆవుది కడుపుల వడ్డంక విలాయత్‌ల ఏం తిన్నా నీకేం గాదు" అన్నాడు. ఆయన కూడా దాన్ని ఒక రకం టీకా అనుకున్నాడేమో.

ఆ తర్వాత నేను గుడి పెద్దల ముందు చేతులు కట్టుకొని, సముద్రం దాటిపోయాను, పరుల చేతి అన్నం తిన్నాను, నన్ను శుద్ధి చేయండి అని దేవుడి సాక్షిగా చెప్పాలి. చెప్పాను. ఆ పొద్దున్నే బావి దగ్గర బొక్కెన కోసం నాతో పెనుగులాడిన పెద్దమనిషి గంభీరంగా తలాడించాడు. ఇంకొకాయన అలవాటు కొద్దీ, ప్రయాణం మంచిగ జరిగిందా అని అడిగేసి నాలుక కరుచుకున్నాడు. మూడో ఆయన పులిహోర దగ్గర నుంచి కళ్లు తిప్పలేదు. పందిరి బయట నిలబడి చూస్తున్న వకీల్ సాబ్ మాత్రం నేను బయటికి రాగానే నా గుండు నిమిరి, "మియా, గునాహ్ సే పహలే తౌబా?" అన్నాడు. పాపం కంటే ముందు పశ్చాత్తాపం ఏమిటని ఆయన అనుమానం. ఆ రోజు మొత్తంలో ఎవరికైనా అనుమానం వచ్చిందంటే ఆయనకే.

గుండుతో వచ్చిన కష్టం నాకు సర్కారు వజీఫా దఫ్తర్‌లో తెలిసింది. చదువుకు సర్కారు ఇచ్చే ఆ వజీఫా డబ్బు వస్తేనే ఓడ టికెట్. అక్కడి పెద్ద సాబ్ నా తల చూడగానే కుర్చీలోంచి లేచాడు. మా వాళ్లలో తండ్రి పోతేనే అట్లా గుండు చేయించుకుంటారని ఆయనకు తెలుసు. నా రెండు చేతులూ పట్టుకొని, తండ్రి లేని పిల్లవాడి బరువు తండ్రి లేని పిల్లవాడికే తెలుస్తుందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా, వద్దు బేటా, ఏడుపు వస్తుంది అని ఆపాడు. ఇంతలో బయట నా గొడుగు పట్టుకొని నిలబడ్డ బాపు, ఆలస్యమైందని లోపలికి తొంగిచూశాడు. సాబ్ ఆయన్ని ఇంటి పెద్ద అనుకొని ఆయనకూ పరామర్శ చెప్పాడు. బాపుకు విషయం అర్థం కాలేదు గానీ ఎదుటి మనిషి దుఃఖంలో ఉన్నాడని మాత్రం అర్థమైంది. తల దించుకొని, "అల్లాకీ మర్జీ" అన్నాడు. వజీఫా మంజూరైంది. నా లెక్కలు చూసి ఇచ్చారా, బాపు పోయినందుకు ఇచ్చారా అని నేను ఎన్నడూ అడగలేదు.

సీటు వచ్చింది. వకీల్ సాబ్ కోటు ఒకటి నా కొలతకు కుట్టించడానికి పంపాం. దర్జీ దాన్ని విప్పేసి ముక్కలుగా పెట్టుకున్న రోజుల్లోనే యుద్ధం వచ్చింది. జర్మనీకీ నా కోటుకూ సంబంధం ఏమిటో మా అమ్మకు చాలా రోజులు బోధపడలేదు. ఓడలను నమ్మలేమన్నారు, వజీఫాలు యుద్ధం అయ్యేదాకా నిలిపేశామన్నారు. యూనివర్సిటీ వాళ్లు మాత్రం, పరిస్థితులు చక్కబడ్డాక రావచ్చు, సీటు ఉంటుంది అని రాశారు. పెద్ద శాస్త్రులుగారు ఆయన చెప్పినట్టే ఆ చలికాలంలో పోయాడు. కోటు ముక్కలు దర్జీ దగ్గరే ఉండిపోయాయి.

నేను ఇంట్లో కూర్చున్నాను. చేయగలిగిన పని ఒకటే కనిపించింది. బాపు కళ్లకు పొర కమ్ముతోంది. హారతి పళ్లెం దేవుడికి కాకుండా పక్కనున్న గోడకు చూపిస్తున్నాడు. సరే, యుద్ధం అయ్యేదాకా పూజ నేను చూసుకుంటాను అన్నాను. గర్భగుడి గడప మీద కాలు పెట్టబోతుంటే గుడి పెద్దలు ముగ్గురూ ఆపారు.

వాళ్ల వాదన విని నాకు ఒళ్లు మండింది గానీ, అందులో తప్పు మాత్రం పట్టలేకపోయాను. సముద్రం దాటానని దేవుడి సాక్షిగా చెప్పావు. దాటలేదు. అంటే దేవుడి ముందు అబద్ధమాడావు. సముద్రం దాటినవాడికి ప్రాయశ్చిత్తం ఉంది, దేవుడి ముందు అబద్ధమాడినవాడు గుడిలోకి ఎట్లా వస్తాడు? పులిహోర తిన్నప్పుడు ఇది గుర్తు రాలేదా అని అడిగాను. అప్పుడు నువ్వు పోతావనుకున్నాం అన్నారు. మరి ఇప్పుడు ఏం చేయాలని బాపు అడిగాడు. ఆ మాట నిజం చేయాలన్నారు. ఒడ్డు కంటికి కనబడనంత దూరం సముద్రం మీద పోవాలి, పరుల చేతి అన్నం తినాలి. అప్పుడు చేసిన ప్రాయశ్చిత్తం చెల్లుతుంది. పోయొచ్చాడని మనవాళ్లలో ఒకరు సాక్ష్యం చెప్పాలి. లేదంటే బాపు తర్వాత పూజ వేరే ఇంటికి పోతుంది.

ఆ ఇల్లు ముగ్గురిలో మధ్యన నిలబడ్డ పెద్దమనిషి అల్లుడిది. ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు.

అట్లా నేను పాపం చేయడానికి బయలుదేరాను. బొంబాయి సముద్రం నిండా యుద్ధం ఓడలే ఉన్నాయని వకీల్ సాబ్ చెప్పడంతో బందరు పోవాలని నిర్ణయమైంది. సాక్షిగా రమ్మంటే చుట్టాలందరికీ ఏదో ఒక జబ్బు చేసింది. చివరికి బాపే వచ్చాడు. మూసీ దాటి సికింద్రాబాద్ దాకా పోవడమే ఆయనకు పెద్ద యాత్ర. రైలులో కూడా తన చెంబు, తన మడిబట్ట వేరుగా పెట్టుకొని, నా సంచి తగిలితే దులుపుకున్నాడు.

బందరులో పడవల దగ్గర ఒక జవాను మమ్మల్ని పట్టుకున్నాడు. యుద్ధకాలం. ఒక గుడ్డి పంతులు, ఒక గడ్డం కుర్రవాడు ఒడ్డు కనబడనంత దూరం పోవాలని పడవ బేరమాడుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఎందుకు పోతున్నారని గద్దించాడు. బాపుకు అబద్ధం చెప్పడం రాదు.

"మా పిలగాడు ప్రాయశ్చిత్తం ముందుగాలనే చేసుకున్నడు. గిప్పుడు పాపం జెయ్యాలె."

జవాను కాసేపు ఆయన్నీ నన్నూ చూశాడు. తర్వాత పడవవాడి వైపు తిరిగి, వీళ్లను జాగ్రత్తగా తీసుకెళ్లి జాగ్రత్తగా తీసుకురమ్మని చెప్పి పోయాడు.

నేను ఎక్కాను. బాపు ఒడ్డున నిలబడ్డాడు. అప్పుడే నాకు లెక్క తట్టింది. ఒడ్డు నాకు కనబడనంత దూరం పోతే, ఒడ్డు మీద ఉన్న సాక్షికి నేను మాత్రం ఎట్లా కనబడతాను? ఆ మాట అన్నాను. బాపు ఏమీ ఆశ్చర్యపోలేదు. పంచె మోకాళ్ల పైకి కట్టుకొని, చెంబు ఒడ్డునే పెట్టేసి, నీళ్లలోకి నడిచి వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. పడవవాడూ నేనూ చెరో రెక్క పట్టి పైకి లాగాం.

సముద్రం గురించి నేను చెప్పగలిగింది ఇంతే. కడుపులో ఏదీ నిలవదు. పడవవాడు తెచ్చుకున్న సద్దన్నంలోంచి రెండు ముద్దలు నా చేతిలో పెట్టాడు. పరుల చేతి అన్నం కదా, కళ్లు మూసుకొని ఒక ముద్ద మింగాను. రెండో ముద్ద బాపు నా చేతిలోంచి తీసుకొని తిన్నాడు. ఎందుకు తిన్నావంటే ఆకలైందన్నాడు. తాటిచెట్ల తలలు కాసేపు కనబడి అవి కూడా పోయాయి. పడవవాడు ఇక చాలు కదండీ అన్నాడు. బాపు కళ్లకు ఒడ్డు మేం బయలుదేరినప్పుడే మాయమైంది కనుక ఆయన నన్ను అడిగాడు.

"ఒడ్డు కనబడ్తున్నదా?"

"లేదు బాపు. ఎటు చూసినా నీళ్లే."

"మీ యూనివర్సిటీ ఎటు దిక్కున్నది?"

అది మా వీపు వెనక ఉంది. బందరు సముద్రం తూర్పుకు పోతుంది, ఇంగ్లండు పడమర. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా అడిగాడు. నేను ముందుకు చెయ్యి చూపించి, భూమి గుండ్రంగ ఉంది గద బాపు, ఇట్ల పోయినా వస్తది అన్నాను. ఆయన కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయినట్టుంది. పడవవాడి వైపు తిరిగాడు.

"ఇంకొంచెం పోనీ, అన్నా."

పడవవాడు ఇంకొంచెం పోనిచ్చాడు. బాపు మళ్లీ అదే మాట అన్నాడు. ఒడ్డు పోయి చాలాసేపైంది, పాపం ఎప్పుడో పూర్తయింది, నేను పడవ అంచు మీద వాలిపోయి ఉన్నాను. ఆయన మాత్రం ఎదురుగా పొర కమ్మిన కళ్లతో చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే ఉన్నాడు. చివరికి పడవవాడు, ఇక పోతే నేను మళ్లీ ఇంటికి పోలేనండీ అని తెడ్డు ఆపేశాడు. బాపు ఆయనకు నమస్కారం పెట్టాడు. తిరిగి వచ్చేసరికి ఒడ్డున పెట్టిన చెంబు లేదు.

గుడి పెద్దలు ముగ్గురూ అరుగు మీద కూర్చొని సాక్ష్యం అడిగారు. ఒడ్డు కనబడనంత దూరం పోయాడా? పోయాడన్నాడు బాపు. పరుల చేతి అన్నం తిన్నాడా? తిన్నాడు. మధ్యలో కూర్చున్న ఆ అల్లుడిగారి మామ అప్పుడు నిదానంగా అడిగాడు, నువ్వు ఒడ్డున ఉంటే అంత దూరంలో అతను తిన్నది నీకెట్లా కనబడింది అని. చూడలేదంటే సాక్ష్యం చెల్లదు. చూశానంటే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. నేను బాపు చెయ్యి పట్టుకున్నాను.

"ఒడ్డు మీద ఎందుకుంట?" అన్నాడు బాపు. "పిలగాని పక్కన్నే కూసున్న. నేను గూడ తిన్న."

అరుగు కింద నిలబడ్డ పాలాయన పాల గిన్నె కింద పెట్టేశాడు. గుడి పెద్దలకు కూడా ఆ క్షణం సిగ్గేసిందనే నేను అనుకుంటాను. అయినా తీర్పు తీర్పే. నా ప్రాయశ్చిత్తం చెల్లింది, నేను శుద్ధం. బాపు సముద్రం దాటాడు, ప్రాయశ్చిత్తం లేదు, చేయించే శాస్త్రులుగారూ లేరు. కనుక ఆయన దేవుణ్ణి ముట్టకూడదు.

మర్నాటి నుంచి నేను గర్భగుడిలో, ఆయన గడప బయట. నేను తీర్థం ఇవ్వడానికి బయటికి వస్తే బాపు పాలాయన పక్కన చెయ్యి చాపి నిలబడి ఉండేవాడు. నా మంత్రంలో ఎక్కడ తప్పు దొర్లినా అక్కడి నుంచే గొంతు సవరించుకునేవాడు. మిగతా పొద్దంతా షాబాదు బండల మీద కూర్చొని, కళ్లు కనబడకపోయినా అలవాటు మీద సుద్దతో గ్రహణాలు వేసేవాడు. అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. మా అమ్మ ఇప్పుడు వాటిని కడగడానికి తొందరపడేది కాదు.

యుద్ధం అయిపోయింది. యూనివర్సిటీ వాళ్లు మాట మీద నిలబడేవాళ్లు. సీటు ఉంది, లెక్క గురించి మాట్లాడాల్సినవి ఇంకా అట్లాగే ఉన్నాయి, ఎప్పుడు వస్తారు అని రాశారు. వజీఫా కూడా మళ్లీ ఇస్తామన్నారు. వకీల్ సాబ్ పొద్దున్నే ఆ కాగితం పట్టుకొని వచ్చి, గుడి మెట్ల కింద నిలబడి సంతోషం పట్టలేక పెద్దగా చదివాడు. నేను తీర్థం ఇస్తున్నాను. బాపు విన్నాడు. నేను పోతే పూజ చేసేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరన్నది, అది వేరే ఇంటికి పోతుందన్నది ఆయనకు లెక్కపెట్టకుండానే తెలిసింది. చాపిన చెయ్యి అట్లాగే ఉంది.

"నేను గా పడవ ఎక్కకుంటె," అన్నాడు, "నువ్వు పోతుంటివి."

నేను ఆయన అరచేతిలో తీర్థం పోశాను.

"నువ్వు ఎక్కకుంటె పడవ గంత దూరం పోకపోయేది బాపు."